గొంతులో ట్యూబ్ వేసే ఆ అర నిమిషం: బీపీ ఎందుకు ఎగురుతుంది? మందులు దాన్ని ఎలా ఆపుతాయి?

ఒక ఇంటి సంగతి అనుకుందాం. అమ్మీకి పిత్తాశయంలో రాళ్లు. పొద్దున ఎనిమిదింటికి ఆపరేషన్. రాత్రి నుంచి ఏమీ తినొద్దని నర్సు చెప్పి వెళ్లింది. ఫజర్ నమాజ్ అయ్యాక కొడుకు రోజూ వేసే బీపీ బిళ్ల తీసి అమ్మీ చేతిలో పెట్టబోయాడు. కోడలు ఆపింది. "ఖాళీ కడుపుతో రమ్మన్నారు కదా, బిళ్ల కూడా వద్దేమో." అమ్మీకి కూడా అదే నిజమనిపించింది. ముందు రోజు రాత్రి బిళ్ల కూడా హడావుడిలో మర్చిపోయారు. ఆపరేషన్ థియేటర్‌లో బీపీ చూస్తే 190/115. కాసేపు ఆగి మళ్లీ చూశారు. తగ్గలేదు. మత్తు డాక్టర్ ఆపరేషన్ వాయిదా వేశారు.

బయట ఉన్నవాళ్లకు కోపం వచ్చింది. "ఆపరేషన్ కడుపుకి కదా, బీపీకి ఏం సంబంధం? కావాలంటే ఒక ఇంజెక్షన్ ఇచ్చి తగ్గించి చేసేయొచ్చు కదా?"

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. చాలా ఇళ్లలో కాస్త అటూ ఇటూగా ఇలాగే జరుగుతుంది. ఆ డాక్టర్ భయపడింది కత్తి కోత గురించి కాదు. అంతకంటే ముందు వచ్చే ఒక అర నిమిషం గురించి. మత్తు ఇచ్చాక గొంతులోంచి శ్వాసనాళంలోకి ట్యూబ్ వేసే సమయం అది. అప్పుడు గుండె మీద, రక్తనాళాల మీద పడే ఒత్తిడి ఏంటి, దాన్ని అదుపు చేయడానికి ఏ మందులు వాడతారు, అందులో ఇంటివాళ్ల పాత్ర ఎంత అనేది తెలుసుకుంటే ఇలాంటి చాలా గొడవలు తప్పుతాయి.

ట్యూబ్ ఎందుకు వేస్తారు?

పూర్తి మత్తు ఇచ్చినప్పుడు మనిషి నిద్రపోవడమే కాదు, కండరాలు కూడా వదులైపోతాయి. ఊపిరి తీసే కండరాలు పనిచేయవు. నాలుక వెనక్కి పడిపోతుంది. కడుపులోని ద్రవం పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంటుంది. అందుకే నోటి ద్వారా శ్వాసనాళంలోకి ఒక మెత్తటి ప్లాస్టిక్ ట్యూబ్ వేసి, దాని చివర ఉన్న చిన్న బెలూన్‌లో గాలి నింపుతారు. దారి భద్రంగా ఉంటుంది. ఆ ట్యూబ్ ద్వారానే ఆక్సిజన్, మత్తు వాయువులు వెళ్తాయి. పెద్దవాళ్లకు వాడే ట్యూబ్ లోపలి వెడల్పు మామూలుగా 7 నుంచి 8 మిల్లీమీటర్లు ఉంటుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. వెయ్యేళ్ల కిందట ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్' గ్రంథంలో, ఊపిరి ఆడని రోగికి బంగారం లేదా వెండి గొట్టాన్ని గొంతులోకి పంపడం గురించి రాశారు. మత్తు ఇవ్వడం కోసం నోటి ద్వారా ట్యూబ్ వేసింది మాత్రం 1878లో, గ్లాస్గోలో విలియం మెక్‌ఈవెన్ అనే సర్జన్. ఇప్పుడు వాడే వంపు బ్లేడ్ ఉన్న పరికరాన్ని 1943లో రాబర్ట్ మాకింతోష్ తయారుచేశారు. దాన్ని లారింగోస్కోప్ అంటారు. నాలుకను పక్కకు జరిపి, నాలుక మొదలును పైకి ఎత్తి, స్వరపేటికను కళ్లతో చూస్తూ ట్యూబ్‌ను లోపలికి పంపడానికి అది ఉపయోగపడుతుంది.

అసలు చిక్కు ఆ 'పైకి ఎత్తడం' దగ్గరే మొదలవుతుంది.

ఆ అర నిమిషంలో ఏం జరుగుతుంది?

గొంతు శరీరంలో గట్టి కాపలా ఉన్న చోటు. అన్నం మెతుకు ఒకటి అటువైపు పోతే ఎంత దగ్గు వస్తుందో అందరికీ తెలుసు. నాలుక మొదలు దగ్గర, స్వరపేటిక దగ్గర నరాల చివరలు దట్టంగా ఉంటాయి. లారింగోస్కోప్ బ్లేడ్ అక్కడ ఒత్తగానే అవి మెదడు కింది భాగానికి 'ప్రమాదం' అని కబురు పంపుతాయి. మనిషి నిద్రలోనే ఉంటాడు. నొప్పి తెలియదు, తర్వాత గుర్తూ ఉండదు. కానీ శరీరం మాత్రం దాడి జరిగినట్టే స్పందిస్తుంది.

అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ రక్తంలోకి వస్తాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి. గుండె వేగం పెరుగుతుంది. ఏ మందూ ముందుగా ఇవ్వకపోతే బీపీ సగటున 40 నుంచి 50 శాతం, గుండె వేగం 20 శాతం దాకా పెరగొచ్చు. బ్లేడ్ పెట్టిన కొన్ని సెకన్లలోనే మొదలై, ఒకటి రెండు నిమిషాల్లో శిఖరానికి చేరి, ఐదు పది నిమిషాల్లో మళ్లీ కిందికి దిగుతుంది. ఈ స్పందన గురించి 1940ల నుంచే వైద్య పత్రికల్లో రాస్తున్నారు.

చిన్నపిల్లల్లో కొన్నిసార్లు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. గొంతు ఒత్తిడికి గుండె వేగం పెరగకుండా బాగా తగ్గిపోవచ్చు. అందుకే పిల్లల ఆపరేషన్‌లో మత్తు డాక్టర్ అట్రోపిన్ అనే మందును చేతికి అందేలా పెట్టుకుంటారు.

ఇంకో మెలిక కూడా ఉంది. మత్తు ఇవ్వడానికి వాడే ప్రొపోఫాల్ లాంటి మందులు బీపీని తగ్గిస్తాయి. అంటే ముందు బీపీ పడుతుంది, ట్యూబ్ వేయగానే ఎగురుతుంది, ఆ తర్వాత ఆపరేషన్ మొదలయ్యేలోపు ఏ కదలికా లేక మళ్లీ పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల వ్యక్తి ఈ ఊయలను తట్టుకుంటాడు. అరవై ఏళ్లొచ్చి, పదేళ్లుగా బీపీ ఉన్నవాళ్లకు రక్తనాళాలు గట్టిపడి ఉంటాయి. వాళ్లలో కిందికి పడడం కూడా ఎక్కువే, పైకి ఎగరడం కూడా ఎక్కువే.

ఎవరికి ఎక్కువ ప్రమాదం?

గుండెను ఒక ఇంటి జమాఖర్చు లాగా చూడొచ్చు. ఆక్సిజన్ జమ, గుండె చేసే పని ఖర్చు. గుండె కండరానికి, ముఖ్యంగా ఎడమ వైపు గదికి, రక్తం ఎక్కువగా అందేది గుండె కొట్టుకున్నప్పుడు కాదు, రెండు దెబ్బల మధ్య విశ్రాంతి తీసుకునే సమయంలో. వేగం పెరిగితే ఆ విశ్రాంతి సమయం తగ్గిపోతుంది. అంటే ఖర్చు పెరుగుతున్న సమయంలోనే జమ తగ్గుతుంది. రక్తనాళాల్లో పూడికలు ఉన్నవాళ్లకు ఆ రెండు మూడు నిమిషాల లోటు కూడా గుండెపోటుకు దారి తీయొచ్చు.

జాగ్రత్త పడాల్సినవాళ్లు వీళ్లు:

- గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు.
- బీపీ అదుపులో లేనివాళ్లు.
- మెదడులో లేదా బృహద్ధమనిలో రక్తనాళం ఉబ్బి ఉన్నవాళ్లు. బీపీ ఒక్కసారిగా ఎగిరితే ఆ ఉబ్బు పగలొచ్చు.
- తలకు దెబ్బ తగిలినవాళ్లు, మెదడులో గడ్డ ఉన్నవాళ్లు. పుర్రె లోపల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.
- కంటికి గాయమై గుడ్డు తెరుచుకున్నవాళ్లు.
- గర్భంతో ఉండి బీపీ బాగా పెరిగిన తల్లులు.

చివరి వర్గం గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి. ప్రీఎక్లాంప్సియా అనే ఈ జబ్బులో తల్లి బీపీ 160 దాటితే అది అత్యవసర పరిస్థితి. సిజేరియన్ చేయాల్సి వస్తే, వీలైనంతవరకు వెన్నులో ఇచ్చే మత్తునే ఎంచుకుంటారు. దానికి ఒక కారణం ఈ ట్యూబ్ సమస్య. అయితే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినా, ఫిట్స్ వచ్చి స్పృహ లేకపోయినా వెన్ను మత్తు కుదరదు. పూర్తి మత్తే ఇవ్వాలి. అప్పుడు ట్యూబ్ వేసే ముందే మందుతో బీపీని అదుపు చేయకపోతే మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది.

ఏ మందులు వాడతారు?

మొదటి మందు మత్తే. తేలిక నిద్రలో ఉండగా ట్యూబ్ వేస్తే స్పందన తీవ్రంగా ఉంటుంది. తగినంత లోతుగా మత్తు ఎక్కాక, కండరాలు పూర్తిగా వదులయ్యాక వేస్తే చాలా వరకు తగ్గుతుంది. ఆ పైన మనిషిని బట్టి ఈ మందుల్లో ఒకటి రెండు ఎంచుకుంటారు.

ఫెంటనిల్: చాలా చోట్ల మొదట గుర్తొచ్చేది ఇదే. గట్టి నొప్పి మందు. 1960 ప్రాంతంలో బెల్జియంలో పాల్ జాన్సెన్ తయారుచేశారు. గొంతు నుంచి వెళ్లే ప్రమాద కబురును మెదడు దగ్గరే మెత్తబరుస్తుంది. పూర్తి ప్రభావానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది కాబట్టి ట్యూబ్‌కు ముందే, టైమ్ చూసుకుని ఇవ్వాలి. ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది, గుండె వేగం తగ్గుతుంది. రెమిఫెంటనిల్ అదే కుటుంబంలోది, కానీ ఇంకా త్వరగా పనిచేసి త్వరగా దిగిపోతుంది.

లిగ్నోకైన్: పన్ను పీకేటప్పుడు చిగురుకు ఇచ్చే మొద్దుబారే మందు ఇదే. 1943లో స్వీడన్‌లో తయారైంది. కిలో బరువుకు 1.5 మిల్లీగ్రాముల చొప్పున, ట్యూబ్‌కు సుమారు మూడు నిమిషాల ముందు నరంలోకి ఇవ్వడం చాలా కాలంగా ఉన్న పద్ధతి. దీని ఫలితం అన్ని పరిశోధనల్లో ఒకేలా రాలేదు. కొందరిలో బాగా, కొందరిలో అంతంతమాత్రంగా పనిచేసింది. స్ప్రే రూపంలో గొంతులో కొట్టే పద్ధతి కూడా ఉంది.

ఎస్మొలాల్: ఇది గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్. దీని గొప్పతనం తక్కువ ఆయుష్షు. రక్త కణాల్లోని ఎంజైమ్ దీన్ని విడగొడుతుంది. తొమ్మిది నిమిషాల్లో సగం పోతుంది. మనకు కావాల్సింది కూడా కొద్ది నిమిషాల రక్షణే కాబట్టి ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు, గుండె వేగం ముందే తక్కువగా ఉన్నవాళ్లకు ఇవ్వాలంటే ఆలోచిస్తారు.

లాబెటలాల్: గుండె వేగం, రక్తనాళాల బిగింపు రెండింటి మీదా పనిచేస్తుంది. గర్భిణుల బీపీకి ఎక్కువగా వాడతారు. ఎస్మొలాల్ కన్నా చాలా ఎక్కువసేపు ఉంటుంది.

డెక్స్‌మెడిటోమిడిన్: ఈ మధ్య మన దగ్గర కూడా బాగా వాడుతున్నారు. మెదడు నుంచే అడ్రినలిన్ ఉప్పెనను తగ్గిస్తుంది. ఊపిరిని పెద్దగా ఆపదు. కానీ పది నిమిషాల పాటు మెల్లగా ఎక్కించాలి. గుండె వేగం మరీ పడిపోకుండా చూసుకోవాలి.

మెగ్నీషియం సల్ఫేట్: గర్భిణుల్లో ఫిట్స్ రాకుండా ఇచ్చే మందు. నార్ అడ్రినలిన్ విడుదలను కూడా తగ్గిస్తుంది. కండరాలు వదులయ్యే మందు ప్రభావాన్ని పొడిగిస్తుంది కాబట్టి ఆ లెక్క వేసుకుని ఇవ్వాలి.

నైట్రోగ్లిజరిన్: రక్తనాళాలను వదులు చేసి బీపీ తగ్గిస్తుంది. కానీ గుండె వేగం పెరగొచ్చు. అందుకని అందరికీ పనికిరాదు.

ఇవన్నీ ఆపరేషన్ థియేటర్‌లో, మానిటర్ ముందు, మత్తు డాక్టర్ చేతి మీదుగా మాత్రమే ఇవ్వాల్సిన మందులు. ఇంటి దగ్గర ఎవరూ ప్రయత్నించాల్సినవి కావు.

మరి అందరికీ గట్టిగా ఇచ్చేయొచ్చు కదా?

ఇంటివాళ్లు అడిగే "ఒక ఇంజెక్షన్ ఇచ్చేయండి" అన్న మాటకు జవాబు ఇక్కడుంది.

ట్యూబ్ వల్ల వచ్చే ఉప్పెన కొద్ది నిమిషాలదే. దాన్ని ఆపడానికి ఇచ్చిన మందు అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు. ఉప్పెన దిగిపోయాక మందు ఇంకా పనిచేస్తూ ఉంటే బీపీ పడిపోతుంది. మెదడుకు, కిడ్నీలకు, గుండెకు రక్తం చాలదు. ఎన్నో ఏళ్లుగా ఎక్కువ బీపీకి అలవాటు పడిన శరీరానికి, మామూలు మనిషికి సరిపోయే బీపీ కూడా తక్కువే కావొచ్చు.

2008లో బయటకొచ్చిన 'పాయిజ్' అనే పెద్ద అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపించింది. ఆపరేషన్లకు వచ్చిన 8,351 మందిని తీసుకున్నారు. సగం మందికి ఆపరేషన్ రోజునే మెటోప్రొలాల్ అనే బీటా బ్లాకర్‌ను ఎక్కువ మోతాదులో మొదలుపెట్టారు. గుండెపోట్లు తగ్గాయి. కానీ పక్షవాతం, మరణాలు పెరిగాయి. అంటే గుండెను కాపాడబోయి మొత్తం మనిషికి నష్టం జరిగింది. అప్పటి నుంచి, ముందు వాడని వాళ్లకు ఆపరేషన్ రోజున హఠాత్తుగా అలా మొదలుపెట్టవద్దని డాక్టర్లకు సూచనలు వచ్చాయి. అదే సమయంలో, రోజూ వాడేవాళ్లకు మాత్రం ఆపొద్దని కూడా ఆ సూచనలే చెబుతాయి.

ఈ రెండో మాట వెనక ఇంకా పాత కథ ఉంది. ఒకప్పుడు ఆపరేషన్‌కు ముందు బీపీ మందులు ఆపేయాలనే అనుకునేవారు. మత్తుతో కలిస్తే బీపీ పడిపోతుందని భయం. 1971లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రిస్ రాబర్ట్స్ బృందం ట్యూబ్ వేసే సమయంలో రోగులను దగ్గరగా గమనించింది. మందులు వాడుతూ బీపీ అదుపులో ఉన్నవాళ్లు చాలా వరకు మామూలు మనుషుల్లాగే తట్టుకున్నారు. మందులు లేక బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లలోనే పెద్ద ఊగిసలాటలు కనిపించాయి. మందు ఆపడం కంటే కొనసాగించడమే రక్షణ అనే ఆలోచన అలా బలపడింది.

మందు ఒక్కటే కాదు, చేతి పని కూడా

లారింగోస్కోప్ గొంతులో ఎంత ఎక్కువసేపు ఉంటే ఉప్పెన అంత పెద్దది. పదిహేను సెకన్లలోపు పని అయిపోవడం మంచిది. ఒక్క ప్రయత్నంలో వేయడానికీ, మూడు ప్రయత్నాల్లో వేయడానికీ గుండె మీద భారం ఒకటి కాదు. కెమెరా ఉన్న వీడియో లారింగోస్కోప్‌తో నాలుక మొదలును అంత బలంగా ఎత్తకుండానే దారి చూడొచ్చు. కొన్ని చిన్న ఆపరేషన్లకు శ్వాసనాళంలోకి వెళ్లకుండా స్వరపేటిక పైన కూర్చునే లారింజియల్ మాస్క్ చాలు. దానితో ఉప్పెన తక్కువ. కాళ్ల ఆపరేషన్లకు, నడుము కింద ఆపరేషన్లకు వెన్నులో మత్తు ఇస్తే ట్యూబ్ అవసరమే ఉండదు.

ఆపరేషన్ అయ్యాక ట్యూబ్ తీసేటప్పుడు కూడా చిన్న ఉప్పెన వస్తుంది. దగ్గు, బీపీ, గుండె వేగం పెరుగుతాయి. అందుకే గుండె జబ్బు ఉన్నవాళ్లకు తీసేటప్పుడు కూడా ఇవే మందులను మళ్లీ తక్కువ మోతాదులో ఇస్తుంటారు.

హైదరాబాద్‌లో మొదలైన ఒక చర్చ

మత్తులో ముందు ఆగేది గుండెనా, ఊపిరా అనే ప్రశ్న మీద ప్రపంచం ఒకప్పుడు హైదరాబాద్ వైపు చూసింది. ఆ రోజుల్లో మత్తు అంటే క్లోరోఫామ్. దానివల్ల అప్పుడప్పుడు మనుషులు హఠాత్తుగా చనిపోయేవారు. అఫ్జల్‌గంజ్ హాస్పిటల్ డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, ఊపిరిని గమనిస్తే చాలు, నాడి చూడక్కర్లేదు అనేవారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించగా 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి, రెండు క్లోరోఫామ్ కమిషన్లు ఇక్కడే పనిచేశాయి. రెండో దానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్‌గా పేరొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా అదే కాలంలో హైదరాబాద్‌లో చదివి పనిచేసినవారే.

ముందు ఆగేది ఊపిరే అని కమిషన్ తేల్చింది. కానీ కథ అక్కడ ముగియలేదు. 1911లో గుడ్‌మాన్ లెవీ ఇంగ్లండ్‌లో పిల్లుల మీద ప్రయోగాలు చేసి ఇంకో సంగతి చూపించారు. క్లోరోఫామ్ మత్తు తేలికగా ఉన్నప్పుడు అడ్రినలిన్ పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోతుంది. అంటే తేలిక మత్తు, అడ్రినలిన్ ఉప్పెన కలిస్తే ముప్పు అని వందేళ్ల కిందటే తెలిసింది. ఇప్పుడు క్లోరోఫామ్ వాడరు. కానీ ట్యూబ్ వేసే ముందు మత్తు లోతు చూసుకోవడం, అడ్రినలిన్‌ను అదుపు చేయడం వెనక ఉన్న జాగ్రత్త అదే.

ఇంటివాళ్లు ఏం చేయాలి?

మత్తు డాక్టర్ ఎంత నేర్పరి అయినా, తన చేతికి వచ్చిన సమాచారం మీదే మందు ఎంచుకుంటారు. ఆ సమాచారం ఇచ్చేది ఇంటివాళ్లే.

బిళ్లల సంగతి. 'ఖాళీ కడుపు' అంటే బిళ్లలు బంద్ అని అర్థం కాదు. బీటా బ్లాకర్ (అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి), ఆమ్లోడిపిన్ వాడేవాళ్లను సాధారణంగా ఆపరేషన్ రోజు పొద్దున కూడా ఒక గుక్క నీళ్లతో వేసుకోమంటారు. బీటా బ్లాకర్, క్లోనిడిన్ హఠాత్తుగా ఆపితే బీపీ, గుండె వేగం ఎదురు తిరిగి పెరుగుతాయి. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటివి మాత్రం చాలామంది డాక్టర్లు ముందు రోజు నుంచి ఆపమంటారు, ఎందుకంటే మత్తుతో కలిస్తే బీపీ బాగా పడిపోవచ్చు. షుగర్ బిళ్లల్లో కొన్నిటిని మూడు రోజుల ముందే ఆపాలి. రక్తం పలచబరిచే బిళ్లలదీ వేరే లెక్క. కాబట్టి ఇంట్లో ఊహించుకోవద్దు. బిళ్లల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లి, "వీటిలో ఏది వేయాలి, ఏది ఆపాలి" అని అడిగి కాగితం మీద రాయించుకోండి.

తిండి, నీళ్లు. సాధారణ నియమం ఇది: మామూలు తేలిక తిండికి 6 గంటలు, నూనె, మాంసం ఉన్న భోజనానికి 8 గంటలు లేదా ఎక్కువ, మంచినీళ్లకు 2 గంటలు. బిర్యానీ, హలీమ్ రెండో లెక్కలోకి వస్తాయి. బరకత్ కోసం జమ్‌జమ్ తాగించాలనుకుంటే అది కూడా నీళ్లే. డాక్టర్ చెప్పిన టైమ్ లోపలే తాగించాలి. షుగర్ వల్ల కడుపు మెల్లగా ఖాళీ అయ్యేవాళ్లకు గంటలు మారొచ్చు.

రంజాన్‌లో ఆపరేషన్. జబ్బున్నవాళ్లు రోజా వదిలి తర్వాత రోజుల్లో పూర్తి చేసుకోవచ్చని ఖురాన్ రెండో సూరా అల్ బఖరాలోనే అనుమతి ఉంది. అయినా కొందరు పెద్దవాళ్లు చెప్పకుండా రోజా ఉండి, బీపీ బిళ్ల మానేసి వస్తారు. ఇంకొందరు సెహరీ తిని, ఆ సంగతి చెప్పకుండా పొద్దున్నే టేబుల్ ఎక్కుతారు. రెండూ ప్రమాదమే. ఆపరేషన్ ఆలస్యం చేయడానికి వీలుంటే డాక్టర్‌తో మాట్లాడి రంజాన్ తర్వాతకు పెట్టుకోవచ్చు. వీలు లేకపోతే ఆ రోజు రోజా సంగతి దగ్గర్లోని ఆలిమ్‌ను అడిగి, మందుల సంగతి డాక్టర్‌ను అడగండి.

గుట్కా, జర్దా, సిగరెట్. దాచొద్దు. ఏళ్ల తరబడి గుట్కా నమిలితే నోటి లోపలి పొర గట్టిపడి నోరు పూర్తిగా తెరుచుకోదు. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే ఆ విషయం ముందే చెప్పాలి. దారి కనిపించకపోతే ట్యూబ్ ఆలస్యం అవుతుంది, ఆలస్యమైతే ఉప్పెన పెరుగుతుంది. పెద్ద గడ్డం ఉంటే ముఖం మీద మాస్క్ సరిగా అతుక్కోక గాలి బయటకు పోవచ్చు. గడ్డం తీయకుండానే దానికి వేరే ఏర్పాట్లు ఉన్నాయి. ముందు తెలిస్తే చాలు.

పరీక్ష సమయంలో పర్దా. మత్తు డాక్టర్ నోరు, దవడ, మెడ చూడాల్సిందే. నిఖాబ్ వేసుకునే ఆడవాళ్లు లేడీ డాక్టర్ కావాలని, లేదా పక్క గదిలో చూడమని అడగొచ్చు. అడగడానికి మొహమాటపడి పరీక్షే తప్పించుకోవద్దు. వేళ్లకు ముదురు మెహందీ ఉంటే ఆక్సిజన్ చూపే క్లిప్పు సరిగా చదవకపోవచ్చు, దాని గురించి కూడా చెప్పండి.

మిగతావి. ఆస్తమా, గురక, ఊగే పళ్లు, కట్టుడు పళ్లు, ఇంతకుముందు మత్తులో వచ్చిన ఇబ్బంది, యునానీ లేదా ఆయుర్వేద మందులు, నిద్ర బిళ్లలు. ఆస్తమా మాట దాస్తే బీటా బ్లాకర్ ఇచ్చే ప్రమాదం ఉందని గుర్తుంచుకోండి.

తరచూ వచ్చే ప్రశ్నలు

*బీపీ ఎంత ఉంటే వాయిదా వేస్తారు?* బ్రిటన్‌లో మత్తు డాక్టర్లు, బీపీ నిపుణులు కలిసి 2016లో ఇచ్చిన సూచనల ప్రకారం, ఆపరేషన్ ముందు పరీక్షలో 180/110 కంటే తక్కువ ఉంటే మామూలుగా ముందుకు వెళ్లొచ్చు. దానికి మించితే, ఆపరేషన్ అత్యవసరం కాకపోతే, అదుపులోకి తెచ్చి చేయడం మేలు. ప్రాణం మీదికి వచ్చిన ఆపరేషన్ అయితే ఆగరు. మందులతో అదుపు చేస్తూనే చేస్తారు.

*ఫెంటనిల్ నషా మందు కదా, హలాలేనా?* చికిత్స కోసం, డాక్టర్ చేతి మీదుగా, అవసరమైనంత వరకే ఇచ్చే మందు ఇది. అవసరం నిషిద్ధాన్ని సడలిస్తుందన్న ఫిఖ్ సూత్రాన్ని ఉలమా ఇలాంటి చోట చెబుతారు. ప్రొపోఫాల్‌లో సోయా నూనె, గుడ్డు సొన నుంచి తీసిన కొవ్వు పదార్థం ఉంటాయి. సందేహం ఉంటే ఆపరేషన్‌కు రెండు రోజుల ముందే మీ ముఫ్తీ సాహెబ్‌ను అడగండి. థియేటర్ తలుపు దగ్గర ఆ చర్చ వద్దు.

*గొంతు నొప్పి వస్తే ట్యూబ్ తప్పుగా వేసినట్టా?* కాదు. ఒకటి రెండు రోజులు గొంతు గరగర, నొప్పి మామూలే. తగ్గకపోయినా, గొంతు మారిపోయినా, ఊపిరి ఇబ్బంది అనిపించినా వెంటనే చూపించాలి.

*ఆ సమయంలో మాకు తెలుస్తుందా?* తెలియదు. శరీరం స్పందిస్తుంది కానీ మనసు నిద్రలో ఉంటుంది.

మళ్లీ ఆ ఇంటికి

మన ఉదాహరణలోని అమ్మీ సంగతి ఎలా ముగుస్తుంది? వాయిదా వేశాక ఫిజీషియన్ బిళ్లలు సరిచేస్తారు. కొన్ని వారాలు రోజూ క్రమంగా వేసుకుంటారు. మళ్లీ ఆపరేషన్ రోజు పొద్దున ఫజర్ తర్వాత కోడలే గుక్కెడు నీళ్లు, ఒక బిళ్ల తెచ్చి ఇస్తుంది, ఎందుకంటే ఈసారి ఏది వేయాలో డాక్టర్ రాసిన కాగితం ఫ్రిజ్ మీద అతికించి ఉంది. టేబుల్ మీద బీపీ 140/85. మత్తు డాక్టర్ ఫెంటనిల్ ఇచ్చి, టైమ్ చూసుకుని, ఒక్క ప్రయత్నంలో ట్యూబ్ వేస్తారు. మానిటర్‌లో అంకె కాస్త పెరిగి మళ్లీ దిగుతుంది. బయట కూర్చున్నవాళ్లకు ఆ అర నిమిషం గడిచిన సంగతి కూడా తెలియదు.

దువా చేయండి. దాంతో పాటు బిళ్లల కవర్ కూడా మర్చిపోకుండా పట్టుకెళ్లండి.